401కె డబ్బు, ఏఎంటీ భయం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కడప, కర్నూలు, అనంతపురం వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకే మాట తిరిగి తిరిగి కనబడింది: ఏఎంటీ, అంటే ఆల్టర్నేటివ్ మినిమమ్ ట్యాక్స్ (ప్రత్యామ్నాయ కనీస పన్ను). అమెరికాలో ఏళ్ల తరబడి పనిచేసి 401కెలోనో (కంపెనీ ద్వారా నడిచే రిటైర్మెంట్ ఖాతా), ఐఆర్‌ఏలోనో (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) దాచుకున్న సొమ్మును ఇంటికో, పిల్ల పెళ్లికో తీద్దామనుకునేసరికి ఎవరో ఒకరు "ఒక్కసారిగా తీస్తే ఏఎంటీ తగులుకుంటుంది" అంటున్నారు. ఆ భయంలో సగం అపోహ. మిగతా సగం నిజమే కానీ, అది డబ్బు తీయడంలో లేదు, ఆ ఏడాదే వచ్చిపడే వేరే లెక్కల్లో ఉంది. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం దీనికే ఇచ్చాం. అమెరికా అంకెలు 2025 పన్ను సంవత్సరానివి. మన దేశపు అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ల ప్రకారం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమలుతో సెక్షన్ల నంబర్లు మారతాయని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఇరవై రెండేండ్లుగా ఉన్నాము. ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది, ఇద్దరికీ అరవై ఒకటి నిండినాయి. ఉద్యోగం మానేసినాను, వేరే ఆదాయం లేదు. కడపలో మా నాయన ఇచ్చిన స్థలంలో ఇల్లు కట్టేదానికి 401కె నుంచి ఒకేసారి 1,80,000 డాలర్లు తీయాలనుకుంటున్నాము. మా బావమరిది "అంత తీస్తే ఏఎంటీ కట్టాల్సొస్తాది, రెండేండ్లకు పంచుకో" అంటాడు. నిజమేనా సార్?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: మీకు ఏఎంటీ రాదు. అయినా రెండేళ్లకు పంచుకోమన్న సలహా మంచిదే. కారణం మాత్రం మీ బావమరిది చెప్పింది కాదు. రెండూ లెక్కతో చూపిస్తాం.

ఏఎంటీ అంటే పన్నును రెండు దారుల్లో లెక్కగట్టి, ఏది ఎక్కువైతే అది కట్టించుకోవడం. మొదటి దారి మామూలుది: తగ్గింపులన్నీ పోగా మిగిలిన ఆదాయం మీద 10 నుంచి 37 శాతం దాకా శ్లాబులు. రెండో దారిలో కొన్ని తగ్గింపులను వెనక్కి కలిపేస్తారు, దాంట్లోంచి ఒక పెద్ద మినహాయింపు తీసేస్తారు, మిగిలినదాని మీద 2,39,100 డాలర్ల దాకా 26 శాతం, ఆపైన 28 శాతం వేస్తారు. రెండో లెక్క మొదటిదాన్ని మించితే, ఆ మించినంత మాత్రమే ఏఎంటీ. ఈ లెక్క వేసే కాగితం ఫారం 6251.

ఆ ఫారంలో ఐఎస్‌ఓ షేర్లకు (ముందే ఖరారైన ధరకు కొనుక్కోమని కంపెనీ తన ఉద్యోగులకు ఇచ్చే ఆప్షన్లతో వచ్చే షేర్లు) ఒక వరస ఉంది. రాష్ట్ర, స్థానిక పన్నుల తగ్గింపుకు ఒకటి, ప్రైవేట్ యాక్టివిటీ బాండ్ల (ప్రైవేటు ప్రాజెక్టుల కోసం ప్రభుత్వ సంస్థలు జారీచేసే బాండ్లు) వడ్డీకి ఒకటి ఉన్నాయి. 401కె, ఐఆర్‌ఏ నుంచి తీసిన సొమ్ముకంటూ వరస లేదు. ఎందుకంటే అది రెండు దారుల్లోనూ ఒకే అంకె: మామూలు లెక్కలో ఎంత ఆదాయమో, ఏఎంటీ లెక్కలోనూ అంతే. తేడా లేనిదానికి సవరణ అక్కర్లేదు.

ఇక మీ లెక్క. 1,80,000లోంచి దంపతుల స్టాండర్డ్ డిడక్షన్ 31,500 తీస్తే 1,48,500. మొదటి 23,850కి 10 శాతం చొప్పున 2,385. అక్కడినుంచి 96,950 దాకా 12 శాతం చొప్పున 8,772. మిగిలిన 51,550కి 22 శాతం చొప్పున 11,341. మొత్తం 22,498 డాలర్లు. రెండో దారిలో స్టాండర్డ్ డిడక్షన్ చెల్లదు, కాబట్టి 1,80,000తోనే మొదలవుతుంది. దంపతుల మినహాయింపు 1,37,000 తీస్తే 43,000. దానికి 26 శాతం 11,180. మామూలు పన్నే ఎక్కువ, కాబట్టి ఏఎంటీ సున్నా.

"మరి ఇంకా ఎక్కువ తీస్తే?" అని మీకు అనుమానం రావచ్చు. కలిసి రిటర్ను వేసే దంపతులకు మామూలు లెక్కలోని 24 శాతం శ్లాబులో రెండు అంకెలూ దగ్గరికొస్తాయి, ఎందుకంటే అక్కడ ఏఎంటీ రేటే పెద్దది. అవి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది సుమారు 4,26,100 డాలర్లు తీసినప్పుడు: మామూలు పన్ను 80,398, రెండో లెక్క 76,166. అప్పుడు కూడా 4,232 డాలర్ల ఎడం ఉంది. ఆపైన 32 శాతం శ్లాబు మొదలై మళ్లీ దూరమవుతాయి. అంటే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుని, 401కె సొమ్ము తప్ప వేరే ఏమీ లేని దంపతులు ఎంత తీసినా 2025లో ఏఎంటీ పడదు.

ఇప్పుడు బావమరిది సలహా. అదే 1,80,000ను డిసెంబరులో 90,000, జనవరిలో 90,000గా తీస్తే ఏ ఏడూ 22 శాతం శ్లాబు తాకదు. ఒక్కో ఏడాదికి 6,543 చొప్పున, ఇవే శ్లాబులతో రెండేళ్లకు 13,086. ఒకేసారి తీస్తే 22,498. తేడా 9,412 డాలర్లు, నెల రోజుల ఓపికకు. ఇల్లు ఎలాగూ ఒక్క రోజులో లేవదు కదా. పునాదులకు, గోడలకు కావలసింది డిసెంబరులో, స్లాబుకు, ఆపై పనులకు కావలసింది జనవరిలో తీసుకోండి.

ఇంకో మాట. 401కె నుంచి ఇలా మొత్తంగా తీస్తే కంపెనీ 20 శాతం తప్పనిసరిగా కోసి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు కడుతుంది. 90,000 అడిగితే చేతికొచ్చేది 72,000. మేస్త్రీకి అడ్వాన్సు మాట ఇచ్చే ముందు ఈ కోత గుర్తుపెట్టుకోండి. ఎక్కువైనది రిటర్ను వేశాకే తిరిగొస్తుంది. కోత వద్దనుకుంటే ముందు సొమ్మును నేరుగా ఐఆర్‌ఏకు మార్పించుకుని అక్కడినుంచి తీయండి. ఐఆర్‌ఏలో మామూలుగా 10 శాతమే కోస్తారు, ఎంత కోయాలో చెప్పే డబ్ల్యూ-4ఆర్ ఫారంలో సున్నా అని కూడా రాయొచ్చు. మార్పించేటప్పుడు చెక్కు మీ పేరున రానివ్వకండి, కొత్త ఖాతా సంస్థ పేరున రావాలి. ఆ ఏడాది వచ్చే 1099-ఆర్ కాగితంలో 7వ గడిలో "జి" ఉంటే నేరుగా మారినట్టు, "7" ఉంటే వయసు నిండాక తీసినట్టు, "1" ఉంటే ముందుగా తీసినట్టు. తప్పు కోడ్ పడితే రిటర్ను వేయకముందే ఖాతా సంస్థతో సరిచేయించండి.

ప్రశ్న: నాకు 60 ఏళ్లు, అమెరికా పౌరురాలిని. మా వారూ నేనూ కలిసే రిటర్ను వేస్తాము. పాత కంపెనీ ఇచ్చిన ఐఎస్‌ఓ ఆప్షన్లను 2025లో వాడుకుని షేర్లు కొన్నాను, అమ్మలేదు. నేను కట్టిన ధరకూ ఆ రోజు విలువకూ తేడా 1,50,000 డాలర్లు. ఆదోనిలో అమ్మకు ఇల్లు కొనాలని 401కె నుంచి కూడా తీద్దామనుకుంటున్నాను. 80,000 తీయాలా, 1,80,000 తీయాలా అని ఆలోచన. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అమ్మా, భయానికి అర్థం ఉన్నది మీలాంటి పరిస్థితిలోనే. ఐఎస్‌ఓ షేర్లు కొని అమ్మకుండా ఉంచుకుంటే మామూలు లెక్కలో ఆ 1,50,000 కనబడదు, ఏఎంటీ లెక్కలో మాత్రం ఆదాయంగా నిలబడుతుంది. దానిపక్కనే 401కె సొమ్ము చేరితే ఏమవుతుందో చూడండి. మీకు వేరే ఆదాయం లేదనీ, స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటారనీ అనుకుని వేస్తున్నాం.

80,000 తీస్తే: మామూలు పన్ను 5,343. ఏఎంటీ దారిలో 80,000కు 1,50,000 కలిపి 2,30,000, దాంట్లో 1,37,000 పోగా 93,000, దానికి 26 శాతం 24,180. మీరు కట్టేది 24,180, అందులో ఏఎంటీ 18,837.

1,80,000 తీస్తే: మామూలు పన్ను 22,498. రెండో దారిలో 3,30,000లోంచి 1,37,000 పోగా 1,93,000, దానికి 26 శాతం 50,180. ఏఎంటీ 27,682.

అదనంగా తీసిన లక్ష డాలర్ల మీద పన్ను సరిగ్గా 26,000 పెరిగింది. మామూలు ఏడాదైతే ఆ లక్ష మీద పడేది 17,155. ఏఎంటీలో ఉన్న ఏడాది శ్లాబులు పనిచేయవు. 12 శాతం, 22 శాతం శ్లాబుల చవక మీకు అందదు, తీసిన ప్రతి డాలరుకూ 26 సెంట్లే. కాబట్టి షేర్లు కొన్న ఏడాది 401కె నుంచి ఎంత తక్కువ తీస్తే అంత మంచిది. అమ్మగారి ఇంటికి ఆ ఏడాది బయానా కట్టి, రిజిస్ట్రేషన్ జనవరి తర్వాత పెట్టుకునే వీలుంటే అలాగే చేయండి. 35, 37 శాతం శ్లాబులో ఉన్నవారికి ఇది తలకిందులు: వారికి 26, 28 శాతమే చవక. మీది ఆ స్థాయి కాదు.

అదే ఏడాది డిసెంబరు 31లోగా ఆ షేర్లు అమ్మేస్తే ఏఎంటీ సవరణే ఉండదు, కానీ లాభం జీతంలా మామూలు ఆదాయమవుతుంది. షేరు ధర పడిపోతున్నప్పుడు ఇదే సరైన పని. కొన్న రోజు విలువ మీద ఏఎంటీ కట్టి, తర్వాత సగం ధరకు అమ్ముకున్నవారు పడే బాధ చాలా పెద్దది. కంపెనీ పంపే ఫారం 3921లో 3వ గడి మీరు కట్టిన ధర, 4వ గడి ఆ రోజు విలువ, 5వ గడి షేర్ల సంఖ్య. నాలుగులోంచి మూడు తీసి ఐదుతో గుణిస్తే 6251కు వెళ్లే అంకె.

ఇలా కట్టిన ఏఎంటీ పోయినట్టు కాదు. ఐఎస్‌ఓ వల్ల వచ్చినది ఫారం 8801 ద్వారా క్రెడిట్‌గా తర్వాతి ఏళ్లలో తిరిగొస్తుంది. స్టాండర్డ్ డిడక్షన్ వల్లో, రాష్ట్ర పన్ను వల్లో వచ్చిన ఏఎంటీకి ఈ క్రెడిట్ లేదు. మీ 401కె నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఒక ఏడాదిలో వాడుకోగల క్రెడిట్ అంటే, ఆ ఏడాది మామూలు పన్ను రెండో లెక్కను ఎంత మించిందో అంత. ఆదాయమే లేని ఏడాది మామూలు పన్ను లేదు, కనుక క్రెడిట్ కదలదు. 80,000 తీస్తే 5,343 దాకా వాడుకోవచ్చు. 1,37,000 తీస్తే మామూలు పన్ను 13,038, రెండో లెక్క సున్నా, కాబట్టి 13,038 మొత్తం వాడుకోవచ్చు. 1,80,000 తీస్తే 11,318కి తగ్గుతుంది. 2,50,000కి 8,754. మినహాయింపు దాటిన తర్వాత ఒక్కో డాలరుకు మామూలు పన్ను 22 సెంట్లు పెరుగుతుంటే రెండో లెక్క 26 సెంట్లు పెరగడమే దీనికి కారణం. అంటే క్రెడిట్ వాడుకునే ఏళ్లలో మీలాంటి దంపతులకు సరిపోయే మొత్తం ఆ ఏడాది ఏఎంటీ మినహాయింపు దగ్గర, 2025 అంకెలతో 1,37,000 దగ్గర. చేతికి అంత డబ్బు అక్కర్లేకపోతే కొంత తీసి, మిగతాది రాథ్ ఐఆర్‌ఏకు (ముందే పన్ను కట్టి, తర్వాత పన్ను లేకుండా తీసుకునే ఖాతా) మార్చండి. రాథ్‌కు మార్చినదీ రెండు దారుల్లో ఆదాయమే, క్రెడిట్ దాని పన్నును కప్పుతుంది.

ఏఎంటీ వచ్చే ఏడాది చాలామంది మరిచే విషయం ముందస్తు పన్ను. షేర్ల మీద ఎవరూ కోత కోయరు. త్రైమాసిక చెల్లింపులు తప్పితే జరిమానా వడ్డీ పడుతుంది. డిసెంబరులో లెక్క తేలినా ఇంకా దారి ఉంది: 401కె నుంచి తీసేటప్పుడు డబ్ల్యూ-4ఆర్‌లో 20కి బదులు ఎక్కువ శాతం కోయమని రాయండి. కోతను ఐఆర్‌ఎస్ ఏడాది పొడుగునా సమానంగా కట్టినట్టే చూస్తుంది. అదే డబ్బును విడిగా డిసెంబరులో కడితే ఆలస్యంగా కట్టినట్టే.

ప్రశ్న: 59½ నిండకముందు తీస్తే పడే 10 శాతం అదనపు పన్ను కూడా ఏఎంటీ లెక్కలో కలుస్తుందా? అది కట్టినందుకు ఏఎంటీ తగ్గుతుందా?
– నంద్యాల

జవాబు: పెరగదు, తగ్గదు. ఆ 10 శాతం రెండు లెక్కలూ అయిపోయాక విడిగా పడుతుంది, ఫారం 5329 ద్వారా. 6251లో పోల్చే మామూలు పన్నులో దాన్ని కలపరు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో మొత్తం పన్ను ఒకే అంకెగా కనబడటంతో "ఇంత కడుతున్నా ఇంకా ఏఎంటీ ఏంటి" అనిపిస్తుంది. మీరు ఉద్యోగం వదిలిన ఏడాదికి 55 నిండి ఉంటే, ఆ కంపెనీ 401కె నుంచి తీసినదానికి 10 శాతం లేదు. దాన్ని ఐఆర్‌ఏకు మార్చాక తీస్తే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది.

ప్రశ్న: రాథ్ నుంచి తీస్తే? ఐఆర్‌ఏలో మునిసిపల్ బాండ్ల ఫండు ఉంటే?
– ప్రొద్దుటూరు

జవాబు: రాథ్‌లో అయిదేళ్లు నిండి, మీకు 59½ దాటితే తీసినది ఏ లెక్కలోనూ ఆదాయం కాదు. ఏఎంటీకి దగ్గరగా ఉన్న ఏడాది డబ్బు కావాలంటే ముందు చేయి పెట్టాల్సింది అక్కడే. ఇక బాండ్లు: ప్రైవేట్ యాక్టివిటీ బాండ్ల వడ్డీ మీ పేరున ఉన్న మామూలు ఖాతాలో వస్తే ఏఎంటీలో కలుస్తుంది. ఐఆర్‌ఏ లోపల వస్తే ఆ లక్షణం పోతుంది, తీసినప్పుడు మొత్తం మామూలు ఆదాయమే. అసలు పన్ను లేని బాండ్లను ఐఆర్‌ఏలో పెట్టడం నష్టం. లేని పన్నును కొనితెచ్చుకున్నట్టు. మార్చేయండి.

ప్రశ్న: హెచ్-1బి మీద పన్నెండేళ్లు పనిచేసి 2023 జూలై 1న కర్నూలుకు వచ్చేశాను. నేను భారత పౌరుణ్ణే, గ్రీన్‌కార్డు లేదు. వయసు 47. 2025 డిసెంబరులో 401కెలోని 60,000 డాలర్లూ తీసేశాను. 30 శాతం కోసి 42,000 నా అమెరికా బ్యాంకు ఖాతాలో వేశారు. ఇంకా 10 శాతం, ఏఎంటీ, మళ్లీ ఇక్కడ పన్ను అంటే మిగిలేదేంది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరనుకున్నంత పోదు, పైగా కొంత వెనక్కి వస్తుంది. అయితే అడగకుండా ఎవరూ ఇవ్వరు. నాన్‌రెసిడెంట్లు అమెరికాలో వేసే 1040-ఎన్‌ఆర్ రిటర్ను మీరే వేయాలి.

కోసిన 30 శాతం, అంటే 18,000, తుది పన్ను కాదు. 1986 తర్వాత అమెరికాలో చేసిన పనికి సంబంధించిన రిటైర్మెంట్ సొమ్ము అక్కడి వృత్తితో ముడిపడిన ఆదాయమే అని ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 519 చెబుతుంది. అందుకే శ్లాబుల ప్రకారం లెక్క. 1040-ఎన్‌ఆర్‌లో మీకు స్టాండర్డ్ డిడక్షన్ లేదు, కనుక 60,000 మొత్తం మీద: మొదటి 11,925కి 1,192.50, అక్కడినుంచి 48,475 దాకా 4,386, మిగిలిన 11,525కి 22 శాతం చొప్పున 2,535.50. మొత్తం 8,114. ముందుగా తీసినందుకు 10 శాతం 6,000 కలిపితే 14,114. కోసింది 18,000, కాబట్టి 3,886 డాలర్లు తిరిగి రావాలి. దీనికి మీ దగ్గర ఉండాల్సిన, కోత వివరాలు చూపే కాగితం ఫారం 1042-ఎస్, మార్చి మధ్యలో వస్తుంది. చిరునామా పాతదే ఉంటే డల్లాసుకో, డెట్రాయిట్‌కో పోతుంది, ఖాతా సైట్‌లో ముందే మార్చుకోండి.

ఏఎంటీ నాన్‌రెసిడెంట్లకూ ఉంది. కానీ మీ మినహాయింపు ఒంటరి అయితే 88,100, పెళ్లయితే 68,500. రెండూ 60,000 కంటే ఎక్కువే, కాబట్టి సున్నా. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి: అదే ఏడాది అమెరికాలో ఇల్లు కూడా అమ్మి ఉంటే, నాన్‌రెసిడెంట్లకు ప్రత్యేక నియమం ఉంది. ఏఎంటీ లెక్కలో మినహాయింపు పోగా మిగిలే మొత్తం ఆ ఇంటి నికర లాభం కంటే తగ్గకూడదు. అంటే మినహాయింపు ఇంటి లాభాన్ని కప్పదు. ఇల్లు అమ్మిన ఏడాది, 401కె ముగించిన ఏడాది వేరువేరుగా పెట్టుకోవడం మేలు.

ఇక ఇక్కడి పన్ను. మీరు "రెసిడెంట్, కానీ సాధారణ నివాసి కాదు" అన్న కోవలో ఉంటే విదేశంలో పుట్టి విదేశంలోనే చేతికందిన ఆదాయానికి భారత పన్ను లేదు. మీరు సొమ్మును ముందు అమెరికా ఖాతాలో వేయించుకోవడం అందుకే మంచిదైంది, నేరుగా కర్నూలు బ్యాంకుకు వస్తే ఇక్కడ అందుకున్న ఆదాయమయ్యేది. 2025-26కు మీరు ఆ కోవలో ఉన్నారా? గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్‌రెసిడెంట్ అన్న షరతు మీకు తప్పిపోయింది, ఎందుకంటే 2023-24, 2024-25 రెండేళ్లూ రెసిడెంటే. రెండో షరతు: గత ఏడేళ్లలో ఇండియాలో 729 రోజులకు మించకూడదు. 2023 జూలై 1 నుంచి 2025 మార్చి 31 దాకా 640 రోజులు, మీరు మధ్యలో దేశం దాటకపోతే. అంతకుముందు ఐదు ఆర్థిక సంవత్సరాల్లో, అంటే 2018-19 నుంచి, సెలవులకు వచ్చినవీ, 2023 ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వచ్చినవీ కలిపి 89 రోజులు మించకపోతే ఈ సంవత్సరం కూడా మీకు మినహాయింపు ఉంది. పాస్‌పోర్టు తీసి ముద్రలు ఒక్కొక్కటీ లెక్కపెట్టండి, వచ్చిన రోజూ వెళ్లిన రోజూ కలిపి. చెల్లెలి పెళ్లికి నెలన్నర, కరోనా తర్వాత ఓసారి నెలన్నర ఉన్నా గీత దాటిపోతారు.

దాటితే ఇక్కడా పన్ను కట్టాలి, అక్కడ కట్టిన ఆదాయపు పన్నుకు ఫారం 67తో క్రెడిట్ తీసుకోవాలి. క్రెడిట్‌కు చూపాల్సింది కోసిన 18,000 కాదు, రిటర్నులో తేలిన 8,114. నియమం 128 వడ్డీకీ, జరిమానాకూ క్రెడిట్ ఇవ్వదు కనుక 10 శాతాన్ని ఆ లెక్కలోకి తేకండి. డాలరు మారకం రేటుకు ముందు నెల చివరి రోజు స్టేట్ బ్యాంకు టీటీ కొనుగోలు రేటు వాడాలి, గూగుల్‌లో కనబడేది కాదు.

401కె ఇంకా తీయకుండా ఉంచుకున్నవారికి ఒక మాట. పూర్తి రెసిడెంట్ అయిన ఏడాది, రిటర్ను గడువులోపు ఫారం 10-ఈఈ వేసి సెక్షన్ 89ఏ ఎంచుకోండి. అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకు ఇది ఉంది. ఏటా పెరిగిన లాభానికి కాక, తీసినప్పుడే ఇక్కడా పన్ను పడుతుంది. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేరు. మళ్లీ విదేశం వెళ్లి నాన్‌రెసిడెంట్ అయితే ఎన్నడూ ఎంచుకోనట్టే చూస్తారు. నెలనెలా పెన్షన్‌లా తీసుకునేవారికి భారత–అమెరికా ఒప్పందం 20వ అధికరణం ప్రకారం ఆ పెన్షన్ నివాస దేశంలోనే పన్నుకు లోబడుతుంది. ముందే ఖాతా సంస్థకు డబ్ల్యూ-8బెన్ ఫారం ఇచ్చి కోత ఆపించుకోండి. ఒప్పందం ప్రకారం పడకూడని పన్ను అక్కడ కోయించుకుని, ఇక్కడ క్రెడిట్ అడిగితే ఇవ్వరు. మీలా ఒకేసారి మొత్తం తీసినదానికి ఆ అధికరణం మీద ఆధారపడొద్దు, అక్కడ "పెన్షన్" అంటే విడతలుగా వచ్చేది అని నిర్వచనం ఉంది. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ కూడా మరవకండి. విదేశీ ఖాతాలో, ఆస్తులో ఉన్న పూర్తి రెసిడెంట్లు ఐటీఆర్-1 వాడకూడదు.

ప్రశ్న: మా అత్తగారికి 74. అమెరికా పౌరురాలు, అనంతపురంలో మాతో ఉంటారు. ఐఆర్‌ఏ నుంచి ఏటా తప్పనిసరిగా తీయాల్సిన మొత్తానికీ, సోషల్ సెక్యూరిటీకీ ఏఎంటీ ఉందా?
– అనంతపురం

జవాబు: రెండూ మామూలు ఆదాయంలో ఎంత కలుస్తాయో ఏఎంటీలోనూ అంతే కలుస్తాయి, సోషల్ సెక్యూరిటీలో గరిష్ఠంగా 85 శాతం. ఆ వయసు వారికి ఏఎంటీ దిగులు అక్కర్లేదు. దిగులు పడాల్సింది డిసెంబరు 31 గడువు గురించి: 73 నుంచి ఏటా తీయాల్సింది తీయకపోతే తగ్గినదాని మీద 25 శాతం జరిమానా, వెంటనే సరిదిద్దుకుంటే 10 శాతం. సోషల్ సెక్యూరిటీ ఒప్పందం ప్రకారం అమెరికాలోనే పన్నుకు లోబడుతుంది, భారత రిటర్నులో దాని మీద పన్ను లేదు.

ప్రశ్న: నేను ప్రైవేటు కంపెనీలో చేసి 61వ ఏట రిటైరయినాను. అనంతపురం దగ్గర సొంత గాలిమర ఉంది, 2016లో మొదలైంది, దాని లాభానికి సెక్షన్ 80-ఐఏ పన్ను తగ్గింపు తీసుకుంటున్నా. ఈ ఏడాది పీఎఫ్ 38 లక్షలు, గ్రాట్యుటీ 20 లక్షలు వచ్చినాయి. ఇవి కలిస్తే మన దేశపు ఏఎంటీ, అదే 115జేసీ, పడుతుందని ఆడిటర్ దగ్గర గుమస్తా అంటాడు.
– తాడిపత్రి

జవాబు: ఆ రెండు సొమ్ములూ కలవవు. 115జేసీలో లెక్క మొదలయ్యేది మొత్తం ఆదాయం నుంచి. ఐదేళ్లు నిండిన పీఎఫ్, 20 లక్షల లోపు మినహాయింపు పొందే గ్రాట్యుటీ, 25 లక్షల లోపు లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ అసలు మొత్తం ఆదాయంలోకే రావు. దానికి వెనక్కి కలిపేది 80-ఐఏ లాంటి తగ్గింపులనూ, 10ఏఏ, 35ఏడీ సెక్షన్ల తగ్గింపులనూ మాత్రమే. అలా కలిపిన మొత్తం 20 లక్షలు దాటితేనే వ్యక్తులకు ఏఎంటీ, 18.5 శాతం.

ప్రమాదం ఆ 20 లక్షల గీత దగ్గర ఉంది. దాటితే దాటిన భాగం మీద కాదు, మొత్తం మీద లెక్క. 80-ఐఏ కలిపాక మీది 19,60,000 అనుకోండి, ఏఎంటీ లేదు. పన్ను పడే సొమ్ము ఇంకో 50,000 వస్తే 20,10,000 అవుతుంది, మొత్తం మీద 18.5 శాతం. కనుక రిటైరైన ఏడాది చూడాల్సింది పన్ను పడే చిన్న సొమ్ములు: పరిమితి దాటిన గ్రాట్యుటీ, ఏటా రెండున్నర లక్షలు దాటిన మీ పీఎఫ్ చందా మీది వడ్డీ, యాన్యుటీ.

ఒక ఉదాహరణ. పాత విధానంలో, 80-ఐఏ పోగా మీ ఆదాయం 14 లక్షలు, ఆ తగ్గింపు 12 లక్షలు అనుకుందాం. సీనియర్ సిటిజన్‌గా మామూలు పన్ను 2,30,000. ఏఎంటీ 26 లక్షల మీద 4,81,000, సెస్సుతో 5,00,240. తేడా 15 ఏళ్ల దాకా క్రెడిట్‌గా ఉంటుంది. కొత్త విధానంలో 80-ఐఏ లేదు, 115జేసీ కూడా లేదు. 26 లక్షల మీద 3,60,000, సెస్సుతో 3,74,400. ఈ ఏడాది వరకూ కొత్తదే చవక. కానీ కొత్తదానిలోకి వెళితే పాత ఏఎంటీ క్రెడిట్ వాడుకోలేరు. వ్యాపార ఆదాయం ఉన్నవారు పాత విధానం ఎంచుకుని ఒకసారి కొత్తదానికి తిరిగొస్తే మళ్లీ పాతదానికి పోలేరు. మీకు 80-ఐఏ ఇంకా ఎన్నేళ్లు మిగిలిందో, క్రెడిట్ ఎంత పేరుకుందో కాగితం మీద వేసుకున్నాకే నిర్ణయించండి. పాతదానిలోనే ఉంటే ఏఎంటీకి ఫారం 29సీ, 80-ఐఏకు ఫారం 10సీసీబీ రెండూ రిటర్ను గడువుకు నెల ముందే ఆడిటర్ అప్‌లోడ్ చేయాలి. రిటర్ను ఆలస్యమైతే 80-ఐఏ తగ్గింపే పోతుంది.